"కారణం లేకుండా పారిపోయింది": హ్యారియట్ జేకబ్స్ మాటని చరిత్ర వందేళ్ళకి పైగా ఎందుకు నమ్మలేదు?

1835 జూన్ 30. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, ఈడెంటన్ అనే చిన్న ఊరు. జేమ్స్ నార్కమ్ అనే డాక్టర్ పేపర్‌లో వేయడానికి ఒక ప్రకటన రాసిచ్చాడు. హ్యారియట్ అనే తన పనిమనిషి పారిపోయింది, పట్టి అప్పగించిన వాళ్ళకి 100 డాలర్లు ఇస్తాను అని. ఆనవాళ్ళు కూడా ఇచ్చాడు. వయసు 21, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, తడబడకుండా బాగా మాట్లాడుతుంది, కుట్టుపని వచ్చు, మంచి బట్టలు వేసుకునే అలవాటు ఉంది. ఇవన్నీ రాసి ఇంకో ముక్క కూడా కలిపాడు. ఏ కారణమూ లేకుండా, ఎవరూ ఏమీ అనకుండానే ఈ పిల్ల వెళ్ళిపోయిందట.

ఈరోజు ఎపిసోడ్ అంతా ఆ ఒక్క ముక్క గురించే. "ఏ కారణమూ లేకుండా."

ఒక్కసారి ఇలా ఆలోచించండి. మీరు హిస్టరీ స్టూడెంట్. వందేళ్ళ తర్వాత ఈ ప్రకటన మీ చేతికి దొరికింది. దీన్ని ప్రైమరీ సోర్స్ అంటారు, అంటే ఆ కాలంలోనే పుట్టిన అసలు ఆధారం. తేదీ ఉంది, ఊరు ఉంది, పేరు ఉంది, అచ్చయిన పేపర్ ఉంది. ఎవరూ అనుమానించరు. నిజానికి అందులో ఉన్న చాలా వివరాలు కరెక్టే. ఆ కారణం సంగతి తప్ప. అది అబద్ధమని చెప్పగలిగింది ఎవరు? ఆ ఇంట్లో ఏం జరిగిందో అనుభవించిన మనిషి, ఆమె చుట్టూ ఉన్న కొద్దిమంది. వాళ్ళ మాటకి విలువ లేదు. మరి చరిత్రలో ఏం మిగులుతుంది? నార్కమ్ రాసింది మిగులుతుంది.

కానీ ఈ కేసులో ఒక వింత జరిగింది. ఆ పారిపోయిన అమ్మాయి తర్వాత తనే పుస్తకం రాసింది. ఆమె హ్యారియట్ జేకబ్స్. పుస్తకం పేరు "ఇన్సిడెంట్స్ ఇన్ ద లైఫ్ ఆఫ్ ఎ స్లేవ్ గర్ల్", అంటే ఒక బానిస అమ్మాయి జీవితంలో జరిగిన సంగతులు. 1861లో బోస్టన్‌లో అచ్చయింది. కారణం ఏంటో మొత్తం అందులో ఉంది. అయినా వందేళ్ళకి పైగా చాలామంది పండితులు దాన్ని చరిత్రగా ఒప్పుకోలేదు. "ఇది నవల, ఎవరో తెల్లావిడ రాసి ఉంటుంది" అన్నారు. ఎందుకన్నారు, ఎలా తప్పని తేలింది, ఆ తర్వాత యూనివర్సిటీల్లో "ఏది జ్ఞానం" అనే ప్రశ్న ఎలా మారింది, ఇదే మన కథ.

ముందు అసలు విషయం చెప్పుకుందాం.

హ్యారియట్ 1813లో ఈడెంటన్‌లోనే పుట్టింది, బానిసగానే. మొదటి యజమానురాలు మార్గరెట్ హార్నిబ్లో ఆమెకి చదవడం, కుట్టడం నేర్పింది. ఇది చాలా అరుదు. తర్వాత 1830లో నార్త్ కరోలినాలో బానిసలకి చదువు చెప్పడమే నేరం చేశారు. 1825లో ఆ యజమానురాలు చనిపోయింది. వీలునామా చూస్తే, హ్యారియట్‌ని తన మేనకోడలికి రాసింది. ఆ మేనకోడలికి మూడేళ్ళు! మూడేళ్ళ పిల్ల యజమానురాలు అంటే పెత్తనం ఎవరిది? ఆ పిల్ల తండ్రిది. ఆయనే డాక్టర్ నార్కమ్.

హ్యారియట్‌కి పదిహేనేళ్ళు వచ్చేసరికి నార్కమ్ వేధింపులు మొదలయ్యాయి. ఆమె వయసు పిల్ల, అతనికి యాభై దాటాయి. ఇక్కడ ఒక చట్టం గురించి చెప్పాలి, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. 1662లో వర్జీనియాలో ఒక చట్టం చేశారు. బిడ్డ స్వేచ్ఛ ఉన్న మనిషా, బానిసా అన్నది తల్లిని బట్టి ఉంటుంది అని. అదే పద్ధతి మిగతా బానిస రాష్ట్రాల్లోనూ నడిచింది. దీని అర్థం ఏంటో ఆలోచించండి. యజమాని తన బానిస స్త్రీని బలవంతం చేస్తే, పుట్టిన బిడ్డ అతనికి వారసుడు కాదు, ఆస్తి. నేరానికి శిక్ష లేకపోగా లాభం వస్తుంది. పోనీ ఆమె కోర్టుకి వెళ్ళొచ్చా? తెల్లవాళ్ళకి వ్యతిరేకంగా బానిసల సాక్ష్యం చెల్లదు. అంటే కోర్టు దృష్టిలో ఆమె మాట అసలు మాటే కాదు.

ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ వస్తుంది.

నార్కమ్ నుంచి తప్పించుకోవడానికి హ్యారియట్ ఒక నిర్ణయం తీసుకుంది. శామ్యూల్ సాయర్ అనే పెళ్ళికాని తెల్ల లాయర్‌తో సంబంధం పెట్టుకుంది. అప్పుడైనా నార్కమ్ వదిలేస్తాడని, పిల్లలు పుడితే సాయర్ వాళ్ళకి స్వేచ్ఛ ఇప్పిస్తాడని ఆశ. ఇద్దరు పిల్లలు పుట్టారు, జోసెఫ్, లూయిసా. నార్కమ్ మాత్రం వదల్లేదు. 1835లో ఆమెని తన కొడుకు తోటకి పంపించాడు. పిల్లలని కూడా అక్కడికే తెచ్చి పనిలో పెడతారని ఆమెకి తెలిసింది.

అప్పుడు ఆమె వేసిన లెక్క చూడండి. "నేను ఉన్నంతసేపు నన్ను లొంగదీయడానికి నా పిల్లలని వాడుకుంటాడు. నేను కనపడకుండా పోతే పిల్లలు అతనికి బరువు. అమ్మేస్తాడు. అప్పుడు వాళ్ళ నాన్న కొనుక్కోవచ్చు." మాటలు నావి, లెక్క ఆమెది. ఆ లెక్క నిజమైంది కూడా. నార్కమ్ పిల్లలని ఒక బానిసల వ్యాపారికి అమ్మాడు, ఆ వ్యాపారి వెనక ఉండి కొనిపించింది సాయరే.

ఇదీ, "ఏ కారణమూ లేకుండా" వెనక ఉన్న కారణం.

మరి ఆమె ఎక్కడికి వెళ్ళింది? కొన్నాళ్ళు తెలిసినవాళ్ళ ఇంట్లో, కొన్నాళ్ళు పాములున్న చిత్తడి నేలలో. ఆ తర్వాత అదే ఊళ్ళో అమ్మమ్మ ఇంటికి. అమ్మమ్మ మాలీ అప్పటికే స్వేచ్ఛ పొందిన మనిషి, బిస్కెట్లు చేసి అమ్మి సొంత ఇల్లు ఏర్పరచుకుంది. ఆ ఇంటిని ఆనుకుని ఉన్న కొట్టు పైన, కప్పు కింద, ఒక అటక. పొడవు 9 అడుగులు, వెడల్పు 7 అడుగులు, ఎత్తు ఎక్కువ ఉన్న చోట 3 అడుగులు. నిలబడటం కుదరదు. వెలుతురు లేదు. చెక్కకి చిన్న బెజ్జం చేసుకుని, అందులోంచి వీధిలో ఆడుకునే తన పిల్లలని చూసేది. పిల్లలకి మాత్రం అమ్మ పైనే ఉందని చెప్పలేదు.

అక్కడ ఎంతకాలం ఉందో తెలుసా? దాదాపు ఏడేళ్ళు.

ఆ ఏడేళ్ళు ఊరికే కూర్చోలేదు కూడా. న్యూయార్క్ నుంచి రాసినట్టు ఉత్తరాలు రాసి, అక్కడ పోస్ట్ చేయించేది. నార్కమ్ ఆమె ఉత్తరాదిలో ఉందనుకుని వెతికించేవాడు. ఆమె మాత్రం అతను రోజూ తిరిగే ఊళ్ళోనే ఉంది. 1842లో పడవ మీద ఉత్తరాదికి తప్పించుకుంది.

ఓకే, ఇప్పుడు పుస్తకం సంగతి.

ఉత్తరాదిలో ఆమె విల్లిస్ అనే రచయిత ఇంట్లో పిల్లల ఆయాగా పనిచేసింది. 1850లో కొత్త చట్టం వచ్చింది, పారిపోయిన బానిసలని ఉత్తరాదిలో కూడా పట్టుకుని తిరిగి అప్పగించాలని. మళ్ళీ భయం. చివరికి 1852లో కార్నీలియా విల్లిస్ 300 డాలర్లు కట్టించి ఆమెకి స్వేచ్ఛ ఇప్పించింది. తనని కొనడం హ్యారియట్‌కి ఇష్టం లేదు. నన్ను నేనే దొంగిలించుకున్నానా, నాకు వెల కట్టడం ఏంటి అన్నది ఆమె బాధ.

రాచెస్టర్‌లో ఎమీ పోస్ట్ అనే స్నేహితురాలు ఉండేది, బానిసత్వానికి వ్యతిరేకంగా పనిచేసే మనిషి. "నీ కథ రాయి" అని ప్రోత్సహించింది ఆమే. హ్యారియట్‌కి ముందు ధైర్యం చాల్లేదు. "అంకుల్ టామ్స్ క్యాబిన్" రాసిన హ్యారియట్ బీచర్ స్టో అప్పటికి చాలా పెద్ద పేరు. ఆమె రాస్తే బాగుంటుందేమో అని ఎమీ పోస్ట్ ద్వారా అడిగించారు. స్టో ఏం చేసిందంటే, ఆ ఉత్తరాన్ని నేరుగా యజమానురాలు కార్నీలియా విల్లిస్‌కి పంపి, ఇది నిజమేనా అని అడిగింది. ఆ కథని తన తర్వాతి పుస్తకంలో ఒక ముక్కగా వాడుకుంటానంది. పిల్లల తండ్రి ఎవరన్న విషయం హ్యారియట్ తన యజమానురాలికి అప్పటిదాకా చెప్పలేదు. నమ్మి చెప్పుకున్న విషయం, వెరిఫికేషన్ కోసం ఆమె యజమానురాలి దగ్గరికే వెళ్ళింది.

అప్పుడు హ్యారియట్ నిశ్చయించుకుంది, నా కథ నేనే రాస్తాను అని. పగలంతా పిల్లల పని, రాత్రి రాయడం. ఇంట్లోవాళ్ళకి తెలియకుండా కొన్నేళ్ళు అలా రాసింది. అచ్చు వేస్తామన్న కంపెనీ దివాలా తీస్తే, ప్రింటింగ్ ప్లేట్లు కొని మరీ పుస్తకం బయటికి తెచ్చింది. లిడియా మారియా చైల్డ్ అనే ప్రముఖ తెల్ల రచయిత్రి ఎడిటింగ్ చేసి, ముందుమాట రాసింది. హ్యారియట్ పుస్తకంలో అందరి పేర్లూ మార్చింది. తను లిండా బ్రెంట్ అయింది, నార్కమ్ డాక్టర్ ఫ్లింట్ అయ్యాడు. అట్ట మీద తన అసలు పేరు లేదు. పిల్లలకి, అమ్మమ్మ వాళ్ళకి, సాయం చేసినవాళ్ళకి ఇబ్బంది రాకూడదని జాగ్రత్త.

ఈ జాగ్రత్తే తర్వాత ఆమె మీదకే వచ్చింది.

1897లో ఆమె చనిపోయింది. మెల్లగా పుస్తకాన్ని మర్చిపోయారు. గుర్తున్న కొద్దిమంది పండితులు కూడా, "పేర్లు అసలువి కావు, ఎడిటర్ పేరు ఉంది, భాష నవల్లా ఉంది, కాబట్టి ఇది చైల్డ్ రాసిన కథే" అనుకున్నారు.

ఇక్కడ ఆ కాలం చరిత్రకారుల పద్ధతి కూడా చెప్పాలి. 1918లో యూ. బి. ఫిలిప్స్ అనే చరిత్రకారుడు అమెరికా బానిసత్వం మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆధారాలు ఎక్కువగా తోటల యజమానుల కాగితాలు. పద్దులు, ఉత్తరాలు, డైరీలు. బానిసలుగా బతికినవాళ్ళు చెప్పింది నమ్మదగింది కాదని పక్కన పెట్టాడు. కొట్టినవాడి డైరీ ఆధారం, దెబ్బలు తిన్నవాడి మాట పక్షపాతం! ఆ పుస్తకం చాలా ఏళ్ళు ప్రామాణికంగా నడిచింది.

1970ల్లో దీన్ని మార్చినవాళ్ళలో ముఖ్యుడు జాన్ బ్లాసింగేమ్, యేల్ యూనివర్సిటీ ప్రొఫెసర్, ఆయన కూడా నల్లజాతి మనిషే. బానిసల ఆత్మకథలనే ఆధారంగా తీసుకుని "ద స్లేవ్ కమ్యూనిటీ" రాశాడు. చాలా పెద్ద అడుగు. కానీ అదే మనిషి జేకబ్స్ పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరం ఏంటంటే, సంఘటనలు మరీ అమరినట్టు ఉన్నాయి, మెలోడ్రామా ఎక్కువ, పేజీ పేజీకీ లైంగిక దౌర్జన్యమే.

ఆ అభ్యంతరం ఒక్కసారి చూడండి. పేజీ పేజీకీ లైంగిక దౌర్జన్యం ఎందుకుంది? ఆమె జీవితంలో అది రోజూ ఉంది కాబట్టి. మగవాళ్ళు రాసిన బానిస ఆత్మకథలలో కొరడా దెబ్బలు, పోరాటం, పారిపోవడం ఎక్కువ. ఆ నమూనాని కొలతగా పెట్టుకుంటే ఆడమనిషి అనుభవం "అతి"గా కనిపిస్తుంది. కోర్టులో ఆమె సాక్ష్యం చెల్లలేదని ఇందాక చెప్పాను కదా, 130 ఏళ్ళ తర్వాత లైబ్రరీలో కూడా చెల్లలేదు. ఈసారి కొట్టేసింది ఆమె శత్రువులు కాదు, ఆమె పక్షాన రాస్తున్న మనిషే. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే.

ఇక జీన్ ఫేగన్ యెల్లిన్ అనే ప్రొఫెసర్. ఆమె కూడా మొదట అందరిలాగే అది కల్పన అనే అనుకుంది. 1970ల్లో స్త్రీవాద ఉద్యమం ప్రభావంతో మళ్ళీ చదివింది. ఈసారి అది నిజమైన మనిషి గొంతులా అనిపించింది. అనిపిస్తే సరిపోదు కదా, వెతకడం మొదలుపెట్టింది. రాచెస్టర్ యూనివర్సిటీలో ఎమీ పోస్ట్ కాగితాలు భద్రంగా ఉన్నాయి. వాటిలో హ్యారియట్ రాసిన ఉత్తరాలు! పుస్తకం ఎలా రాస్తోందో, స్టో విషయంలో ఎంత బాధపడిందో, అన్నీ ఆమె మాటల్లోనే. ఇంకోవైపు నార్త్ కరోలినా ఆర్కైవ్స్‌లో నార్కమ్ కుటుంబం కాగితాలు. పుస్తకంలో మారు పేర్లతో ఉన్న ఒక్కొక్కరికీ అసలు మనిషి దొరుకుతూ వచ్చారు. మనం మొదట చెప్పుకున్న ప్రకటన కూడా అలాగే ఈ కథలో తన చోటికి చేరింది. 1981లో యెల్లిన్ వ్యాసం రాసింది, 1987లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ నుంచి ఆధారాలతో సహా పుస్తకం వేసింది. ఆ ఎడిషన్‌కి మద్దతు తెలిపిన వాళ్ళలో బ్లాసింగేమ్ ఉన్నాడు. తన మాట మార్చుకున్నాడు, అది ఆయన పెద్దతనం.

సరే, ఇక్కడితో "నిజం గెలిచింది" అని ముగించొచ్చు. కానీ అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

ఆ పుస్తకం నిజమని తేలింది సరే, మరి అది ఒక సాక్ష్యం మాత్రమేనా? ఇలా జరిగింది అని చెప్పడం వరకేనా? జేకబ్స్ అంతకంటే ఎక్కువ చేసింది. బానిసత్వంలో తల్లి అవడం అంటే ఏంటో వివరించింది. యజమాని భార్య కూడా భర్త తప్పుకి బానిస పిల్లనే ఎందుకు శిక్షిస్తుందో చెప్పింది. ఎంచుకునే హక్కే లేని స్త్రీని, ఆ హక్కు ఉన్నవాళ్ళ నీతి కొలతతో కొలవకూడదని వాదించింది. ఇవి సంఘటనలు కావు ఫ్రెండ్స్, విశ్లేషణ. ఇప్పటి భాషలో చెప్పాలంటే థియరీ. కథ రూపంలో ఉంది, అంతే.

నల్లజాతి స్త్రీవాద పండితులు సరిగ్గా ఈ మాటే పట్టుకున్నారు. 1971లో ఏంజెలా డేవిస్ జైల్లో ఉండి, బానిస సమాజంలో నల్లజాతి స్త్రీల పాత్ర మీద వ్యాసం రాసింది. 1985లో డెబోరా గ్రే వైట్, తోటల్లోని బానిస స్త్రీల మీదే ప్రత్యేకంగా చరిత్ర పుస్తకం తెచ్చింది. 1987లో బార్బరా క్రిస్టియన్ ఒక వ్యాసంలో ఏమందంటే, మా వాళ్ళు ఎప్పటినుంచో సిద్ధాంతం చేస్తూనే ఉన్నారు, కాకపోతే కథల్లో, సామెతల్లో, పొడుపు కథల్లో చేశారు, మీకు అది కనిపించలేదు అని. 1990లో ప్యాట్రిషియా హిల్ కాలిన్స్ "బ్లాక్ ఫెమినిస్ట్ థాట్" రాసింది. జ్ఞానాన్ని ఏ కొలతలతో ఒప్పుకోవాలన్నది అందులో ఒక ముఖ్యమైన ప్రశ్న. బతికి తెలుసుకున్నది ఒక కొలత. పదిమందితో మాట్లాడి, వాదించి తేల్చుకోవడం ఇంకో కొలత. చెప్పిన మనిషి తన మాటకి బాధ్యత వహించడం మరో కొలత.

ఇప్పుడు కామెంట్లలో ఏం వస్తుందో నాకు తెలుసు. "అన్నా, అయితే ఎవరు ఏం చెప్పినా చరిత్రేనా? ఆధారాలు అక్కర్లేదా?" న్యాయమైన ప్రశ్న. నాకు కూడా మొదట అదే అనిపించింది. సమాధానం, అక్కర్లేదని కాదు. యెల్లిన్ ఏళ్ళ తరబడి చేసింది ఆధారాలు వెతకడమే. తేడా ఎక్కడంటే, అదే పరీక్ష రెండు వైపులా పెట్టాలి. హ్యారియట్ పుస్తకాన్ని వందేళ్ళు అనుమానించారు. నార్కమ్ ప్రకటనలో "ఏ కారణమూ లేకుండా" అన్న మాటని మాత్రం ఎవరూ అడగలేదు. నిజానికి పుస్తకం పరీక్షకి నిలబడింది, ప్రకటన నిలబడలేదు.

ఇంకోటి. కథని సోర్స్‌గా తీసుకోవడం అంటే కళ్ళు మూసుకుని నమ్మడం కాదు. జేకబ్స్ రాసింది ఎక్కువగా ఉత్తరాదిలోని తెల్ల స్త్రీల కోసం. వాళ్ళు ఆ రోజుల్లో చదివే నవలల శైలిలో రాస్తేనే చదువుతారని ఆమెకి తెలుసు. కొన్ని విషయాలు సూటిగా చెప్పకుండా సూచించి వదిలేసింది. అందుకే ఎవరికి చెబుతోంది, ఏది చెప్పకుండా ఆపింది అని కూడా చదవాలి.

దీనికి ఇంకో ఉదాహరణ సోజర్నర్ ట్రూత్. 1851లో ఓహయో రాష్ట్రం ఆక్రన్‌లో స్త్రీల హక్కుల సభలో మాట్లాడింది. "నేను స్త్రీని కాదా?" అనే పేరుతో ఆ ప్రసంగం ఇప్పుడు ప్రపంచమంతా ఫేమస్. కానీ ఆ ప్రసంగం జరిగిన నెలలోపే మారియస్ రాబిన్సన్ ఒక పత్రికలో వేసిన రిపోర్ట్‌లో ఆ ప్రశ్నే లేదు. అది వచ్చింది 12 ఏళ్ళ తర్వాత, 1863లో, ఫ్రాన్సెస్ గేజ్ అనే తెల్లావిడ రాసిన వెర్షన్‌లో. గేజ్ ఆమె నోట దక్షిణాది బానిసల యాస పెట్టింది. సోజర్నర్ పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో, ఆమె మొదటి భాష డచ్! గేజ్ రాసినదాంట్లో పదమూడు మంది పిల్లలు, నిజానికి ఆమెకి ఐదుగురు. దీన్ని బాగా వివరించింది నెల్ అర్విన్ పెయింటర్ అనే నల్లజాతి చరిత్రకారిణి, 1996లో వచ్చిన జీవిత చరిత్రలో.

చూడండి ఎంత తమాషానో. సోజర్నర్‌కి రాయడం రాదు, కాబట్టి వేరేవాళ్ళు రాసిన మాటలు ఆమెవని అందరూ నమ్మారు. హ్యారియట్ తన చేత్తో తనే రాసింది, అవి వేరేవాళ్ళవని అన్నారు. రెండు చోట్లా తప్పు ఒకటే. ఆ స్త్రీ గొంతు ఎలా ఉండాలో వినేవాళ్ళు ముందే నిర్ణయించుకున్నారు.

చివరగా ఒక్క విషయం. హ్యారియట్ కేసు తేలడానికి కారణం ఆమె రాయడం ఒక్కటే కాదు. ఎమీ పోస్ట్ ఆ ఉత్తరాలని పారేయకుండా దాచింది. ఆ తర్వాత ఒక లైబ్రరీ వాటిని జాగ్రత్త చేసింది. ఆ కట్ట ఏ పొయ్యిలోకో పోయి ఉంటే, ఇవాళ్టికి కూడా "అది నవలే" అనేవాళ్ళేమో.

మన అందరి చేతుల్లో రికార్డర్ ఉంది. మీ ఇంట్లో పెద్దావిడ ఎవరైనా తన పెళ్ళి గురించో, పని గురించో, చెప్పుకోలేకపోయిన విషయం గురించో మాట్లాడితే, ఆమె ఒప్పుకుంటేనే రికార్డ్ చేయండి. ఫైల్ పేరులో తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారో రాయండి. మధ్యలో మీరు సరిదిద్దకండి, ఆమె మాట ఆమె యాసలోనే ఉండనివ్వండి. రెండో కాపీ ఇంకెక్కడైనా పెట్టండి.

ఈ ఎపిసోడ్ మీద మీకు వేరే అభిప్రాయం ఉంటే తప్పకుండా రాయండి, మంచి వాదన ఏదైనా వస్తే దాంతోనే వచ్చే ఎపిసోడ్ మొదలుపెడదాం. అందాకా సెలవు, నమస్తే.